రెండ్రోజుల హోటలుకి పెళ్లిరాట

కాగితం మడతపెట్టుకుని బతికినదాన్ని నేను. విజయనగరంలో ఆడపిల్లల బడిలో క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరయ్యాను. పేరు జగదాంబ. బడి వదిలాక కూడా చెయ్యి ఊరుకోక పెళ్లి కార్డులు చేస్తున్నాను. కార్డు తెరవగానే లోపలినుంచి మండపం లేస్తుంది, తోరణం లేస్తుంది, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లేచి నిలబడతారు. మూసేస్తే నోరెత్తకుండా పడుకుంటారు. మనుషుల్లో అంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు. అందుకే పెళ్లి వద్దనుకుని ఉండిపోయాను, ఆ సంగతి మా వీధంతా తెలుసు.

ఇలా లేచేవాటిని పాపప్ అంటారని మా మేనకోడలు రాగసుధ చెప్పింది. కాగితాలే కాదట, హోటళ్లు కూడా ఉంటాయట. ఒక ఊళ్లో రెండు రోజులు వెలుస్తాయి, మూడోనాడు మడతపెట్టుకుని ఇంకో ఊరు పోతాయి. అది విశాఖలో ఉద్యోగం మానేసి అలాంటి హోటలు పెడతానని కూర్చుంది. మా తమ్ముడు ఉపేంద్ర వయొలిన్ మేష్టారు. తాళం తప్పితే తన పిల్లనైనా క్షమించడు. "హోటలంటే గోడలుండాలి, గోడలంటే అద్దె ఉండాలి, అద్దె లేని హోటలేవిటి?" అని వాడు ఒక వారం అన్నం సరిగ్గా తినలేదు. ఆఖరికి మాటిచ్చాడు. వచ్చే ఆదివారం విజయనగరంలో కోట దగ్గర జరిగే ఎగ్జిబిషన్‌లో దాని హోటలు డేరా నిలబడి కనిపిస్తే ఇంక దాని ఇష్టం దానిది. నిలబడకపోతే ఉదయభాస్కర్ అనే అబ్బాయి వాళ్లు వస్తారు, నోరు మూసుకుని పెళ్లిచూపులకి కూర్చోవాలి.

డేరాకి నమూనా నేను చేసిన పెళ్లి కార్డే. టెంటు హౌసు వాడి చేత అల్యూమినియం గొట్టాలతో, టార్పాలిన్‌తో నిలువెత్తున చేయించింది. ఇద్దరు చెరోవైపూ పట్టుకుని లాగితే చాలు, నాలుగు స్తంభాలూ, పైన గోపురం, ముందు తోరణం ఒక్కసారిగా లేస్తాయి. గాలికి ఎగిరిపోకుండా మధ్యలో ఒక్క వెదురు గుంజ మాత్రం నేలలో పాతాలి.

"అచ్చం పెళ్లి మండపంలా ఉందేమిటత్తా?" అంది రాగసుధ.

"నాకొచ్చింది అదేనే. హోటల్లా కావాలంటే హోటల్ కార్డులు చేసేవాళ్లని వెతుక్కో" అన్నాను. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

ఆదివారానికి ముందు ఎక్కడైనా ఒకసారి పెట్టి చూద్దామని గురువారం కళింగపట్నం వెళ్లాం. సముద్రం ఒడ్డున ఇసకలో ఆడవాళ్లు చేపలు ఎండేసి తిరగేస్తున్నారు. మేం డేరా లాగి నిలబెట్టాం. అది లేవడం చూసి వాళ్లంతా చేతులు ఆపేశారు. గుంజ పాతి, స్టవ్వూ సామానూ తేవడానికి వ్యాను దగ్గరికి వెళ్లొచ్చాం. పట్టుమని పావుగంట కూడా కాలేదు. తిరిగొచ్చేసరికి గుంజకి నిలువునా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, మామిడి రెమ్మలు, పసుపు గుడ్డలో మూటగట్టిన నవధాన్యాలు. ఒక పెద్దావిడ గుంజ మొదట్లో పాలు పోస్తోంది. ఆవిడే గున్నమ్మ. ఒడ్డున ఎండుచేపల బేరమంతా ఆవిడదే.

"ఏటమ్మా, పందిరేసీసి రాట మాట మర్సిపోనారు? మంచి గడియ దాటిపోతాదని మేవే ఏసేసినాం" అంది మమ్మల్ని చూసి.

పెళ్లింట్లో పందిరికి మొదట పాతే గుంజని రాట అంటారు. అది పాతారంటే పెళ్లి మొదలైనట్టే.

"ఇది పెళ్లి పందిరి కాదండీ. హోటలు. రెండు రోజులుంటుంది, తర్వాత తీసేస్తాం" అంది రాగసుధ.

గున్నమ్మ దాన్ని జాలిగా చూసింది. "రెండ్రోజులకి తీసీసేది హోటలేటమ్మా? హోటలంటే ఉండిపోతాది. రెండ్రోజులుండి ఎల్లిపోయేది పెళ్లి పందిరే. మాకు తెల్దేటి?"

నేను పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. ఆ మాటకి ఎక్కడ తప్పుందో వెతికాను, దొరకలేదు.

పోనీలే, పసుపే కదా, కడిగేస్తే పోతుందనుకున్నాం. అప్పుడు ధనరాజు వచ్చాడు. ఆ వీధికి పెద్దమనిషి, నాలుగు పడవలున్నవాడు. రాటని చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. తర్వాత ఆ వీధి పద్ధతి చెప్పాడు. రాట వేశాక పెళ్లి జరిగేదాకా దాన్ని కదపకూడదు. పెళ్లింటి మగాళ్లు నీళ్లు దాటకూడదు.

"ఇది ఎవరింటి పెళ్లీ కాదు కదయ్యా" అన్నాను.

ధనరాజు చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించిన ప్రతిసారీ మాకు కొత్త కష్టం వచ్చింది.

"ఇల్లు నేని సోట ఏసినారు. ఇసక ఊరందరిదీ. అలగైతే రాట కూడా ఊరందరిదీ. మరి ఊరందరింటా పెళ్లే కదమ్మా" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగలేదు. మగాళ్లందరూ తలదువ్వుకుని వచ్చి మా డేరాలో కూర్చున్నారు. కాఫీలు అడిగారు, ఉప్మా అడిగారు, రెండోసారి వేయమన్నారు. రాగసుధ సంతోషించి బిల్లు చెప్పబోతే ఒకాయన నొచ్చుకున్నాడు. "పెళ్లిలో టిఫినుకి డబ్బులేటమ్మా?" అన్నాడు. నిజమే, ఎవరైనా నొచ్చుకుంటారు.

టిఫిన్లయ్యాక అందరికీ ఒకే అనుమానం వచ్చింది. పెళ్లి సరే, ఎవరికి? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. అందరి చూపులూ మెల్లగా తిరిగి రాగసుధ మీద ఆగాయి.

"పిల్ల ఉన్నాది కదా. పిల్లోడినే సూడాల" అన్నాడు ధనరాజు.

రాగసుధ గరిటె పట్టుకుని నా వెనక్కి వచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల గొంతు తగ్గించింది. "అత్తా, ఆదివారానికి ఇది కోట దగ్గర నిలబడకపోతే నా పనైపోయినట్టే. ఇక్కడ తప్పించుకున్నా అక్కడ నాన్న కూర్చోబెడతారు" అంది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. నాకు ఒళ్లు మండిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "రాట వేసేశారంటున్నావు కదక్కా, ఉదయభాస్కర్ వాళ్లని అక్కడికే తీసుకొచ్చేయనా? ఒక ఖర్చుతో పోతుంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

"కప్పలకి చేయండి పెళ్లి. వానలకోసం చేస్తారు కదా. రెండు కప్పల్ని పట్టుకొస్తే పావుగంటలో అయిపోతుంది" అన్నాను మగాళ్లతో. మగాళ్లకి నచ్చింది. ఇద్దరు లేచి కప్పల కోసం బయల్దేరారు కూడా. ఆడవాళ్లు అడ్డంగా నిలబడ్డారు.

"కప్పలకి పెళ్లి సేస్తే వాన కురుస్తాది. ఎండేసిన సేపలేటైపోవాల?" అంది గున్నమ్మ. కప్పల్ని వెతకబోయినవాళ్లు వెనక్కొచ్చి మళ్లీ ఉప్మా అడిగారు.

రాగసుధ తెలివైన పిల్ల. "మేం రాట తియ్యం. ఉత్తినే మడుస్తాం. ఇది మడిచే డేరా కదా, మళ్లీ ఎక్కడ తెరిచినా ఇదే డేరా" అంది.

ధనరాజు మళ్లీ ఆలోచించాడు. "మడవండమ్మా, మాకేటి అడ్డం నేదు. మడిసి ఇక్కడే ఒగ్గీసి ఎల్లండి" అన్నాడు.

నాకింక ఓపిక పోయింది. నేరుగా గున్నమ్మ దగ్గరికి వెళ్లాను. "ఊళ్లో పడవలన్నీ ఒడ్డెక్కాయి. నా మేనకోడలి బతుకు ఈ గుంజకి కట్టేశావు. అసలు మేం పాతిన గుంజని రాట చెయ్యమని నిన్నెవరన్నారు? కర్ర కనబడితే పసుపు రాసేయడమేనా?" అని అరిచాను.

పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన నవ్వాడు. ఆయన కూర్మయ్య, గున్నమ్మ మొగుడు. "అదంతేనమ్మా. యాడ కర్ర కనబడితే ఆడ పసుపు రాసీస్తాది. మొన్న కరెంటు స్తంభానికి రాసింది. లైను మేను భయపడి ఎక్కనేదు" అన్నాడు.

గున్నమ్మ నవ్వలేదు. "నాకు రాట నేదు మరి" అంది.

తర్వాత అంతా తనే చెప్పింది. తన పెళ్లినాడు తుపాను. పందిరి వేశారు, రాట పాతారు, ఇంకా తాళి కట్టకుండానే గాలికి పందిరి లేచిపోయింది. రాట ఊడి సముద్రంలో పడిపోయింది. అప్పుడు వాళ్ల నాన్న ఇద్దర్నీ పడవల పాకలోకి తోసి, చీకట్లో తాళి కట్టించేశాడు. దీపం కూడా నిలబడలేదు. ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

"ఒప్పుకున్నావా మరి?" అంది రాగసుధ.

"నన్నెవులడిగినారమ్మా? పాకలోకి పద అన్నారు, ఎల్లినాను" అంది గున్నమ్మ. అని చేపలు తిరగేయడానికి వెళ్లిపోయింది.

నేను ధనరాజు వైపు తిరిగాను. "ఏమయ్యా, రాట లేకుండా జరిగిన పెళ్లి మీ పద్ధతిలో పెళ్లేనా?"

ఆయన ఆలోచించాడు. ఈసారి ఆలోచన మాకు పనికొచ్చే దారిలో పోతున్నట్టు నాకు ముందే తెలిసింది. "రాట నేకపోతే పెళ్లి సగమే" అన్నాడు నెమ్మదిగా. అన్నాక తనేమన్నాడో తనకే అర్థమైంది. ఊరంతా కూర్మయ్య వైపు తిరిగింది. మనవలున్న మనిషి, ఇన్నేళ్లూ సగం పెళ్లితో కాపురం చేస్తున్నాడు.

"నాదేటి తప్పు? ఈ వల అయిపోనియ్యండి, ఇప్పుడే కట్టేస్తాను" అన్నాడు కూర్మయ్య.

"ఎలాగు కడతావు? నేను ఒప్పుకోవాల కదా" అంది గున్నమ్మ, చేపల దగ్గర నుంచే.

ఇంట్లో వంట చేసే మనిషి, పక్కలో పడుకునే మనిషి, ఆవిడ ఒప్పుకోవాలంటే ఎలా అడగాలో ఎవరికీ తెలీదు. ధనరాజుకి కూడా దానికి పద్ధతి తట్టలేదు. "ఏటి సెయ్యమంటావప్పా?" అని గున్నమ్మనే అడిగాడు. అక్కడ అప్పా అంటే అక్కా అని.

"పెళ్లిసూపులకి రమ్మను" అంది.

సాయంత్రం పెళ్లిచూపులు. గున్నమ్మ మా డేరాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర్మయ్య స్నానం చేసి, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. వెనక ఇద్దరు పెద్దమనుషులు. ఆయన నిజంగా భయపడుతున్నాడు. తుపానులో సముద్రం మీదికి వెళ్లొచ్చిన మనిషికి అంత భయం ఎందుకో నాకు అర్థం కాలేదు.

"వల ఎయ్యడం కాకుండా ఇంకేటొచ్చు నీకు?" అంది గున్నమ్మ.

"బేరం వచ్చు."

"ఆ బేరం నేను సేస్తన్నాను. పులుసెట్టగలవా?"

"ఉప్పు నువ్వు సూస్తే ఎట్టగలను."

"నాకు జరమొస్తే ఎవులు సూస్తారు ఉప్పు?"

కూర్మయ్య పెద్దమనుషుల వైపు చూశాడు. వాళ్లు ఇసక చూస్తున్నారు. "నేర్సుకుంటాను" అన్నాడు.

"తాగొచ్చిన్నాడు నేను తలుపు తియ్యకపోతే?"

"అరుగు మీద పడుకుంటాను."

"ఇన్నాళ్లూ సేసిందదే కదా. కొత్తగా సెప్పు."

"తాగను. కాదు, తగ్గిస్తాను" అన్నాడు. గుంపులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

గున్నమ్మ లేచింది. "ఆలోసించి సెప్తాను" అని ఇంటికి పోయింది. కూర్మయ్య అరటిపళ్లు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పెళ్లికూతురు ఒప్పుకోలేదు కనుక పెళ్లికొడుకు ఆ ఇంట్లో పడుకోకూడదని ధనరాజు తేల్చాడు. ఆ ఇల్లు తనదే అయినా కూర్మయ్య ఆ రాత్రి మా డేరాలో పడుకున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఇల్లు అక్కర్లేకుండానే నాకు తెలిసొచ్చింది. శనివారం పొద్దున్నే ఊరిపెద్దలు గున్నమ్మ గుమ్మంలో కూర్చున్నారు. ఆవిడ పళ్లు తోముకుంది, ముగ్గేసింది, కోళ్లకి గింజలేసింది, ఎవరితోనూ మాట్లాడలేదు. రాగసుధ కాఫీ తీసుకెళ్లి ఇచ్చింది. ఆ పిల్ల మొహం చూసి గున్నమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నీకోసం భయపడకమ్మా. ఒప్పుకుందామనే ఉన్నాను మొదట్నుంచీ. ఆడు మంచోడే. కానీ అడిగించుకుంటంటే ఎంత బాగున్నాదో నీకు తెల్దు. ఇంకాసేపు అడగనీ" అంది.

కాసేపటికి బయటికి వచ్చి చెప్పింది. "సరే. కానీ ఒకటి. ఇకమీదట నాతో పాటు కూకుని తినాల. నాకు ముందరా కాదు, ఎనకా కాదు." కూర్మయ్య తలూపాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి, అందులో దాచుకోవడానికేముంది?

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. నా కార్డు మండపం కింద, పసుపు రాసిన రాట పక్కన, మనవలు అక్షింతలు వేస్తుంటే, గున్నమ్మ మెడలో ఉన్న తాళికే కూర్మయ్య ఇంకో ముడి వేశాడు. పట్టపగలు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పడవలు కదిలాయి. రాగసుధ గబగబా గుంజ దగ్గరికి పరుగెత్తి గునపం అందుకుంది.

"ఆగమ్మా. పదారు రోజుల పండగ అయ్యేదాకా రాట తియ్యకూడదు" అన్నాడు ధనరాజు.

రాగసుధ గునపం వదిలేసి ఇసకలో కూలబడింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారే ఏడ్చేసింది. ధనరాజు నొచ్చుకున్నాడు, కానీ పద్ధతి పద్ధతే అన్నాడు. నేను ఆయన్ని ఏమనాలో అన్నీ అన్నాను. ఇక్కడ రాయడం బాగుండదు.

గున్నమ్మ పూలదండ సర్దుకుంటూ వచ్చింది. "కొత్త పెళ్లికూతురు యాడుంటే రాట ఆడుంటాది కదా. నేను ఇజీనారం సూడనేదు. ఎల్లిపోదాం" అంది.

ధనరాజు ఆలోచించడం మొదలుపెట్టాడు. అప్పటివరకూ ఏ పెళ్లికూతురూ అలా అడగలేదు కాబట్టి దానికి అడ్డు చెప్పే పద్ధతి ఏదీ ఆయనకి దొరకలేదు. దొరికేలోపలే నలుగురు మగాళ్లు రాట చుట్టూ తవ్వి, మొదట్లో ఉన్న ఇసకతో సహా ఒక ప్లాస్టిక్ తొట్టిలోకి దింపారు. రాట దాని ఇసకలోనే ఉంది, తీసినట్టు కాదు. డేరా మడిచాం. గున్నమ్మ వ్యానులో ముందు సీట్లో కూర్చుంది. కూర్మయ్య వెనక తొట్టి పట్టుకుని కూర్చున్నాడు. ఆమదాలవలస దగ్గర రైల్వే గేటు పడితే, పక్కన ఆగిన ఆటోలోవాళ్లు రాటకి దణ్ణం పెట్టారు.

ఆదివారం పొద్దున్న కోట దగ్గర డేరా లేచి నిలబడింది. తొట్టిలో రాట, రాట పక్కన కుర్చీలో పసుపు బట్టలతో పెళ్లికూతురు. చూడ్డానికి వచ్చినవాళ్లు అదంతా అలంకారమనుకుని కాఫీలు తాగి ఫోటోలు తీసుకుంటున్నారు. రాగసుధ మొహం వెలిగిపోతోంది.

అప్పుడు మా తమ్ముడు వచ్చాడు. వెనక ఉదయభాస్కర్, వాళ్లమ్మ, చేతిలో అరటిపళ్లు. డేరాని చూశాడు, నన్ను చూశాడు, కూతురి వైపు మాత్రం చూడలేదు. "నిలబడిందిలే. కానీ వచ్చినవాళ్లని వెనక్కి పంపుతామా? మర్యాద కాదు. రెండు నిమిషాలు కూర్చోమ్మా" అన్నాడు. తాళం తప్పితే ఒప్పుకోని మనిషి మాట తప్పాడు. రాగసుధ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

నేను నోరు తెరిచేలోపే గున్నమ్మ అడిగింది. "బావూ, ఈ పిల్లని అడిగినావా?"

"ఏమని?" అన్నాడు ఉపేంద్ర.

"ఇష్టమేనా అని."

"నా కూతురు. దాని మంచి నాకు తెలీదా?"

"తెలుస్తాది. అడగడం యేరు. మా ఆయన నన్ను మొన్ననే అడిగినాడు. అడిగితే ఏటీ తరిగిపోనేదు. ఏటయ్యా, తరిగినావేటి?" అంది. వెనక గ్లాసులు కడుగుతున్న కూర్మయ్య, తరగలేదని తలూపాడు.

ఉపేంద్ర చెప్పుల వైపు చూసుకున్నాడు. చిన్నప్పుడు పాఠం తప్పినప్పుడు కూడా వాడు అలాగే చూసుకునేవాడు. చివరికి తలెత్తాడు. "నీకిష్టమేనా రాగా?" అన్నాడు.

"లేదు నాన్నా" అంది రాగసుధ. మెల్లగానే అంది.

"నన్ను కూడా ఎవరూ అడగలేదండి" అన్నాడు ఉదయభాస్కర్ ఉన్నట్టుండి. వాళ్లమ్మ వాడి వైపు కొత్తగా చూసింది. వాడు కుర్చీ లాక్కుని ఒక కాఫీ చెప్పాడు. తమ్ముడు ఇంకేం చెయ్యాలో తెలీక, ఆ అరటిపళ్లు అందుకుని కాఫీలు తాగేవాళ్లకి పంచడం మొదలుపెట్టాడు.

నాకు అంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. గున్నమ్మ చెయ్యి పట్టుకుందామని దగ్గరికి వెళ్లాను. ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"మరి నిన్నో అప్పా? నిన్ను అడిగినారేటి?"

పెళ్లి నేనే వద్దనుకున్నానని మా వీధంతా తెలుసు. నేనే చెప్పాను వాళ్లకి. మా నాన్న పోయాక ఇంట్లో చిన్నవాళ్ల చదువులున్నాయి, నా జీతం ఉంది, ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. సంవత్సరాలు గడిచిపోయాయి. ఎవరైనా అడిగే లోపల నేనే వద్దన్నట్టు చెప్పుకోవడం మొదలుపెట్టాను.

"లేదు" అన్నాను. "అడిగుంటే వద్దనే అనేదాన్ని. అయినా అడగాల్సింది."

అరటిపళ్లు పంచుతున్న ఉపేంద్ర అక్కడే ఆగిపోయాడు. గున్నమ్మ కొంచెం పక్కకి జరిగి, రాట పక్కన నాకు కూర్చోవడానికి చోటిచ్చింది.